తొమ్మిది సంతకాలు

రోజు 602

మంచు బావి లోతు ఎనభై నాలుగు మీటర్లు. అడుగున ఉష్ణోగ్రత మైనస్ అరవై ఒకటి. పంపు బాగానే ఉంది.

ఈ పుస్తకంలో రోజూ రాయాల్సింది ఇంతే. పక్కన 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉంటుంది. పదకొండేళ్ళుగా దాన్ని ఖాళీగానే వదిలేస్తున్నాను. ఈ రోజు అందులో రాస్తున్నాను. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

పొద్దున ఉత్తరం వచ్చింది. జలశాస్త్ర విభాగంలో ఒక లెక్చరర్ పోస్టు భర్తీ చేస్తున్నారు. ఎంపిక సంఘంలో నన్ను సభ్యురాలిగా వేశారు. వేయక తప్పదు. ప్రతి ఎంపిక సంఘంలోనూ తొలితరం మనిషి ఒకరు ఉండాలని నియమం. ఆ మనిషి సంతకం లేకుండా నియామకం చెల్లదు. మా విశ్వవిద్యాలయంలోని అరవై నలుగురు అధ్యాపకుల్లో తొలితరం మనిషిని నేనొక్కదాన్నే.

తొలితరం అన్నది కాగితాల మీది మాట. బయట మమ్మల్ని మసివాళ్ళంటారు. మా ముత్తాతలు అంగారకుడి మీద దిగినప్పుడు మంకెన నగరానికి గొడుగు లేదు. ఆకాశం నుంచి పడే విషకిరణాలను తట్టుకోవాలని వైద్యులు వాళ్ళ రక్తంలో ఏదో మార్చారు. వాళ్ళ చర్మం కుండ అడుగులా నల్లబడింది. గొంతు బొంగురుపోయింది. వాళ్ళే సొరంగాలు తవ్వారు, బావులు తవ్వారు, నగరం మీద గొడుగు నిలబెట్టారు. ఆ తర్వాత భూమి నుంచి వచ్చిన గొడుగు కిందివాళ్ళకు ఏ మార్పూ అవసరం లేకపోయింది. మా రంగు, మా గొంతు మాత్రం మా పిల్లలకు వస్తూనే ఉన్నాయి.

ఇప్పటికి తొమ్మిది ఎంపిక సంఘాల్లో కూర్చున్నాను. తొమ్మిది సంతకాలు పెట్టాను. ఇది పదోది.

రోజు 606

లోతు ఎనభై నాలుగు. మైనస్ అరవై ఒకటి. పంపు బాగానే ఉంది.

మొదటి సంవత్సరం క్లాసుకు వెళ్ళాను. ముందు వరసలోని అమ్మాయి నన్ను చూసి, "గాలి జల్లెడ నిన్ననే మార్చారు కదా, మళ్ళీ ఎందుకొచ్చావ్?" అంది. నేను పుస్తకం బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టాను. క్లాసు అయ్యాక ఆ అమ్మాయి వచ్చి, తల దించుకుని, "సారీ మేడమ్" అంది.

"ఫర్వాలేదమ్మా" అన్నాను.

నిజంగానే ఫర్వాలేదు. చాలాకాలంగా నాకు ఏదైనా ఫర్వాలేదు. క్యాంటీన్‌లో ఉప్మా తిని, గదికొచ్చి పరీక్ష పేపర్లు దిద్దాను.

రోజు 611

బావి మామూలే.

ఈ రోజు అభ్యర్థులు నమూనా పాఠాలు చెప్పారు. హాలు వెనక గోడలో తూనిక అనే యంత్రం ఉంటుంది. అది పాఠం వింటుంది. స్పష్టతకూ నమ్మకానికీ కలిపి వందకు మార్కులు వేస్తుంది. అది మనిషి కాదు కాబట్టి దానికి పక్షపాతం ఉండదని నియమావళిలో రాసి ఉంది.

వచ్చినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు గొడుగు కిందివాళ్ళు. మూడో మనిషి డాక్టర్ పైడితల్లి, మావాళ్ళుండే మూడో సొరంగం అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమె ఒక మంచు దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు చివర్లా బరువులు కట్టిన సన్నటి తీగను దాని మీద వేసి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె మాట్లాడుతుండగా తీగ మంచును కోసుకుంటూ నెమ్మదిగా కిందికి దిగింది. తీగ దాటిన చోటల్లా మంచు మళ్ళీ అతుక్కుంది. ఒత్తిడికి కరగడం, ఒత్తిడి పోగానే గడ్డకట్టడం, మంచు బావి గోడల్లో పగుళ్ళు వాటంతటవే పూడటం, అన్నీ ఆ ఒక్క తీగతో చెప్పింది. ఇన్నేళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నా నాకు ఎప్పుడూ ఆ ఆలోచన రాలేదు. చివరికి తీగ కింద పడింది. దిమ్మ మాత్రం ఒక్క ముక్కగానే ఉంది.

మార్కులు గోడ మీద పడ్డాయి. మొదటి ఇద్దరికీ ఎనభై ఒకటి, డెబ్భై ఏడు. పైడితల్లికి యాభై ఎనిమిది.

ఆమె ఆ అంకెను ఒకసారి చూసింది. బల్ల మీద కారిన నీళ్ళను కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది.

రోజు 612

లోతు ఎనభై నాలుగు. పంపు కొంచెం మోత చేస్తోంది.

పొద్దున బావి దగ్గర రీడింగు తీసుకుంటుంటే పైడితల్లి వచ్చింది.

"మేడమ్, ఒకసారి బావి సూడొచ్చా?"

"రామ్మా. మెట్లు జారతాయి, చూసుకో."

దిగి, గోడ మీద చెయ్యి వేసింది. "ఇది తవ్వినోళ్ళలో మా తాతొకడు. నోరిప్పితే ఈ బావి సంగతే సెప్పీవోడు." నా వైపు తిరిగి అంది: "నేను సిఫార్సు కోసం రాలేదు. ఆ మాట ముందే సెప్పేత్తన్నాను."

"తెలుసు."

"అప్పట్లో మీకెంతొచ్చినాది, తూనికలో?"

"అరవై ఒకటి. తీసుకునేవాళ్ళు కాదు. ఆ ఏడాది మనవాళ్ళకి ఒకటి ఇచ్చి తీరాలని పైనుంచి ఉత్తర్వు ఉంది."

"మరిప్పుడో?"

"ఏటా కొలుస్తారు. మొన్న అరవై మూడు."

ఆమె ఫక్కున నవ్వింది. "పదకొండేళ్ళకి రెండు మార్కులేటప్పా!"

నాకూ నవ్వొచ్చింది. సొరంగాల్లో అక్కను అప్ప అంటారు. ఈ ఆవరణలో నన్నెవరూ అలా పిలవలేదు.

"అప్పా, మీకు బాదనిపించదా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

నాకు తెలియలేదు. పంపు ఎందుకు మోత చేస్తోందో చూపించి మాట మార్చాను.

రోజు 615

పంపుకు నూనె వేశాను. మోత తగ్గింది.

నా పక్క గదిలో వసుంధర గారుంటారు. గొడుగు కింది మనిషి. ఎంపిక సంఘంలో ఆవిడ కూడా సభ్యురాలే, నమూనా పాఠాల రోజు మాత్రం సెలవులో ఉన్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. తూనికలో ఎప్పుడూ తొంభైకి తగ్గరు. నాతో కాఫీకి కూర్చునేది ఆవిడొక్కరే.

"నాకో చిన్న సాయం చేస్తారా? ఈ పాఠం హాల్లో ఒకసారి గట్టిగా చదవాలి" అని కాగితాలిచ్చాను. అవి తూనిక రికార్డు నుంచి దించుకున్న పైడితల్లి పాఠం, మాట పొల్లుపోకుండా. ఎవరిదో చెప్పలేదు.

ఆవిడ చదివారు. ముందుగా చూసుకోలేదు కాబట్టి రెండుచోట్ల తడబడ్డారు. తూనిక ఎనభై నాలుగు వేసింది.

తర్వాత నేను చదివాను. అది వసుంధర గారి పాఠమే. ఈ ఏడాది ఆవిడకు తొంభై మూడు తెచ్చినది. ఎక్కడా తప్పు పోకుండా చదివాను. అరవై.

"యంత్రం పాడైందేమో" అన్నారు ఆవిడ.

మళ్ళీ చదివాం. ఆవిడకు ఎనభై ఐదు, నాకు యాభై తొమ్మిది.

మొదటి పాఠం ఎవరిదో అప్పుడు చెప్పాను. వసుంధర గారు మంచం పట్టిన మనిషిలా బెంచీ మీద నెమ్మదిగా కూర్చున్నారు. గోడ మీది అంకెలకేసి చూస్తూ అన్నారు: "అయితే నా తొంభై మూడు..."



"ఇది నాకెందుకు చూపించారు గవిరమ్మగారూ?"

"నేనొక్కదాన్నే చెబితే ఎవరూ నమ్మరని."

ఆవిడ కాగితాలు బెంచీ మీద పెట్టేసి వెళ్ళిపోయారు. ఈ రోజు కాఫీకి పిలవలేదు.

రోజు 618

బావి మామూలే.

ఎంపిక సంఘం సమావేశం. విభాగాధిపతి హరగోపాల్ గారు అధ్యక్షులు. మంచి మాటకారి. పదకొండేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా పరుషంగా అనలేదు. నేను నాలుగు అంకెలూ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"చాలా ముఖ్యమైన విషయం తెచ్చారు గవిరమ్మగారూ. దీని మీద వేరే సంఘం వేద్దాం. మీరే అధ్యక్షులుగా ఉండండి. ఈలోగా ఈ నియామకం ఆపుకోవడం ఎందుకు?"

నేను వసుంధర గారి వైపు తిరిగాను. "ఆ రోజు హాల్లో ఏం జరిగిందో మీరు చెప్పండి."

ఆవిడ తన చేతులకేసి చూసుకున్నారు. "నాకు సరిగ్గా గుర్తులేదండీ."

అది జరిగి మూడు రోజులే అయింది.

హరగోపాల్ గారు కాగితం నా ముందుకు జరిపారు. మూడు పేర్లున్నాయి. పైడితల్లి పేరు మూడోది. "ఎప్పటిలాగే చివర మీ సంతకం" అన్నారు.

కలం తీసుకున్నాను. మామూలుగా అయితే పెట్టేసేదాన్ని. 'ఎప్పటిలాగే' అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. కోపం కాదు. ఎప్పుడు దేని మీద సంతకం పెట్టానో ఒక్కటీ గుర్తు రాలేదు, అంతే.

"పాత ఫైళ్ళు ఒకసారి చూసి పెడతాను. నాలుగు రోజులు కావాలి" అన్నాను.

"అలాగే, దానికేముంది" అన్నారాయన.

రోజు 619

బావి దగ్గరకు ఆలస్యంగా వెళ్ళాను.

తొమ్మిది ఫైళ్ళూ చూశాను. నాలుగింటిలో మావాళ్ళు దరఖాస్తు పెట్టుకున్నారు. మొత్తం ఆరుగురు. ఆరుగురికీ తూనికలో అరవైకి లోపే. ఆరుగురి పేర్ల కిందా తిరస్కరించినట్టు నా సంతకం ఉంది. ఫొటోలు చూశాను. ఒక్క ముఖమూ గుర్తులేదు.

చివరి ఫైలు ఆదెయ్య అనే ఆయనది. ధూళి తుఫాన్ల మీద పరిశోధన చేశాడు. ఆయనకు తూనిక యాభై ఆరు వేసింది. పక్కన చేత్తో రాసిన మాట ఉంది: 'ఉచ్చారణ సరిగా లేదు. విద్యార్థులకు అర్థం కాకపోవచ్చు.'

ఆ మాట రాసింది తూనిక కాదు. హరగోపాల్ గారూ కాదు. అక్షరాలు నావి.

రోజు 620

ఆదెయ్య ఎక్కడున్నాడో కనుక్కున్నాను. నగరం గాలి గొట్టాల విభాగంలో పనిచేస్తున్నాడు. మధ్యాహ్నం వెళ్ళాను. గొట్టంలోంచి వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చాడు. జుట్టు నిండా ఎర్రధూళి. నలభై ఐదు దాటి ఉంటాయి. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"గవిరమ్మ మేడమ్ గదా! కూకోండి, కూకోండి." పెట్టె ఒకటి తుడిచి వేశాడు.

కూర్చోలేదు. "మీ దరఖాస్తు తిరస్కరించినప్పుడు కింద నా సంతకం ఉంది" అన్నాను.

"తెల్సండి. నాకొచ్చిన కాగితంలో మీ పేరుంది గదా."

"మీ ఉచ్చారణ బాగాలేదని రాసింది కూడా నేనే."

ఆయన చేతిలోని గుడ్డను రెండు మడతలు పెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు.

"అదీ తెల్సింది. ఆ రోజు మా ఇంటిదాయి ఏటందో తెల్సా మేడమ్? పోస్టు రాకపోతే పోనీ, ఆ గదిలో మనోళ్ళొకరు కూకున్నారు గదా, మనకది సాలు అంది. పక్కింటోళ్ళకి కూడా ఆ కాగితమే సూపించింది."

అప్పుడు ఆ పెట్టె మీద కూర్చున్నాను.

"పాఠం చెప్పడం మానేశారా?" అని అడిగాను.

"ఎవులికి సెప్తానండి, గొట్టాలకా?" నవ్వాడు. టీ తాగమన్నాడు. తాగాను. దాని రుచి తెలియలేదు.

రోజు 622

లోతు ఎనభై నాలుగు. మైనస్ అరవై ఒకటి.

సంతకం పెట్టనని చెప్పాను.

హరగోపాల్ గారికి మొదట అర్థం కాలేదు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలారు. "మీరు పెట్టకపోతే ఏడాది చివరికి పోస్టు రద్దయిపోతుంది. ఎవరికీ రాదు. ఆలోచించుకోండి. రేపు మీవాళ్ళే మిమ్మల్ని తప్పుపడతారు."

"పట్టొచ్చు."

"ఇన్నేళ్ళూ మీకు ఏం లోటు చేశామండీ?"

ఆ ప్రశ్న ఆయన నిజంగానే అడిగారు. ఆయన ముఖంలో బాధ కనిపించింది. జవాబు చెప్పాలంటే పదకొండేళ్ళు చెప్పాలి. నేను రాసుకొచ్చిన కాగితం బల్ల మీద పెట్టాను. అందులో తూనిక వేసిన నాలుగు అంకెలున్నాయి. ఆరుగురి పేర్లున్నాయి. వాళ్ళ విషయంలో నా సంతకాలు తప్పనీ, ఆదెయ్య గురించి నేను రాసిన మాట అబద్ధమనీ ఉంది. దాన్ని ఫైలులో చేర్చమన్నాను. సభ్యురాలు రాసిచ్చిన కాగితాన్ని చేర్చక తప్పదు. అది కూడా నియమమే.

వసుంధర గారు నన్ను దాటుకుని ముందే వెళ్ళిపోయారు.

రోజు 640

బావి మామూలే.

మొదటి సంవత్సరం క్లాసు నా దగ్గర్నుంచి తీసేశారు. పాఠాల సర్దుబాటు అన్నారు. సారీ చెప్పిన అమ్మాయి కారిడార్‌లో ఎదురై, "మేడమ్, మీరెందుకు రావట్లేదు?" అని అడిగింది. సర్దుబాటు అన్నాను.

పైడితల్లి వచ్చింది. ఈసారి మెట్లు దిగలేదు, పైనే నిలబడింది.

"నన్నొక్క మాట అడిగినారా?"

"లేదు."

"నా పేరు మూడోది. మీరు సంతకం ఎట్టినా నాకు రాదు, ఎట్టకపోయినా రాదు. సరే. కానీ ఆ పోస్టు మీదొక్కరిదే కాదు గదా. రద్దు సేసే ముందు అడగాల. నేను ఒద్దనీదాన్ని కాదేమో. అయినా అడగాల."

"అడగాల్సింది పైడీ. తప్పే."

ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను తప్పు ఒప్పుకోవడంతో ఆమెకు పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. "ఆ నాలుగంకెలూ నాకో కాగితం మీద రాసీండి" అంది. రాసిచ్చాను. మూడో సొరంగం బడిలో గోడకు అంటిస్తానంది.

రోజు 668

ఏడాది చివరి రోజు. పోస్టు రద్దయింది.

సాయంత్రం నా గది తలుపు కింద ఒక కవరు కనిపించింది. వసుంధర గారు రిజిస్ట్రారుకు ఇచ్చిన ఉత్తరం నకలు. ఒకే ఒక్క పేజీ. 'ఎంపిక సంఘం ముందు నాకు గుర్తులేదని అబద్ధం చెప్పాను. నాకు అన్నీ గుర్తున్నాయి' అని మొదలైంది. అంకెలన్నీ ఉన్నాయి. చివరి వాక్యం: 'ఇరవై రెండేళ్ళుగా నాకు వచ్చిన మార్కుల్లో నావి ఎన్నో నాకు తెలియాలి.'

ఆవిడ గది తలుపు తట్టాను. తీశారు. ఏడ్చినట్టున్నారు.

"కాఫీ తాగుదామా?" అన్నాను.

"నాతో తాగుతారా మీరు?"

తాగాం.

కొత్త సంవత్సరం, రోజు 31

లోతు ఎనభై నాలుగున్నర. పంపు మార్చారు.

ఉత్తర్వు వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల ఈ ఏడాది ఎంపికలో తూనిక మార్కులను లెక్కలోకి తీసుకోరు. సభ్యులే పాఠం విని నిర్ణయిస్తారు. యంత్రం తప్పని ఎక్కడా రాయలేదు. ఎవరి పేరూ లేదు. రద్దయిన పోస్టును మళ్ళీ ప్రకటించారు. సంఘంలో నేను లేను. తొలితరం సభ్యుణ్ణి వేరే నగరం నుంచి పిలిపిస్తున్నారు. నా మొదటి సంవత్సరం క్లాసు నాకు తిరిగి ఇవ్వలేదు.

దరఖాస్తులు ఇరవై ఆరు వచ్చాయి. కిందటిసారి వచ్చినవాటిలో మావాళ్ళది ఒక్కటే. ఈసారి తొమ్మిది. జాబితా బోర్డు మీద పెడితే వెళ్ళి చదివాను. పైడితల్లి పేరు ఉంది. ఆదెయ్య పేరు ఉంది. పూర్వానుభవం అన్న చోట ఆయన 'గాలి గొట్టాల శుభ్రత' అని దాచకుండా రాశాడు.

రోజు 38

రీడింగు తీసుకునేసరికి ఇద్దరూ బావి దగ్గరున్నారు. ఆదెయ్య డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. పాఠం సాధన చేసుకోవడానికి ఇంతకంటే నిశ్శబ్దమైన చోటు దొరకలేదన్నాడు. పైడితల్లిని ఎవరు పిలిచారో నాకు తెలియదు. మెట్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ఆదెయ్య పంపు పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. ధూళి తుఫాను ఎలా పుడుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. మా భాష కాని భాషలో, ఒక్కో మాటా చెక్కుకుంటూ మాట్లాడాడు. నాలుగు వాక్యాలయ్యేసరికి చెమట పట్టి ఆగిపోయాడు.

"నావల్ల అవదేమో మేడమ్. శానా ఏళ్ళయిపోయింది. ఎలగ మాట్లాడాలో సెప్పండి."

ఒకప్పుడు ఆయన ఎలా మాట్లాడకూడదో రాసినదాన్ని నేనే. ముఖం తడిగా అనిపించి చేత్తో తుడుచుకున్నాను.

పైడితల్లి నా వైపు చూడలేదు. ఆయనకేసి గట్టిగా అంది: "బాబాయ్, ఉన్నది ఒక్క పోస్టు. మీకొస్తే నాకు రాదు. అయినా సెప్తన్నాను, ఇంట్లో పిన్నితో ఎలగ మాట్లాడతారో అలగే మాట్లాడండి. గొంతు పెంచండి, ఎనక్కి వినపడతలేదు."

ఆదెయ్య నవ్వాడు. చేతులు ముందుకు తెచ్చుకున్నాడు. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.